గౌను దయ్యమూ, మా నాన్నమ్మా

పోయిన ఏడాది వానాకాలంలో నేనొక దయ్యం నవల చదివాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కసారి కూడా భయం వేయలేదు. అంతటితో ఊరుకుంటే పోనీలే అనుకునేదాన్ని. ఆ నవల పుణ్యమా అని నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు నా డబ్బాలోంచి పచ్చడి తీసుకోవడం మానేసింది.

ఆమె గురించి చెప్పాలంటే ముందు నా గురించి ఒక మాట చెప్పాలి. నేను గట్టిగా మాట్లాడలేను. గవర్నర్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూటులో చేరిన కొత్తలో నాకిచ్చిన మిషన్లో ఎస్ అక్షరం పడేది కాదు. ఆ సంగతి మాస్టారికి చెప్పడానికి మొహమాటపడి, ఎస్ లేకుండానే పాఠాలన్నీ కొట్టుకుంటూ పోయాను. ఇంటికెళ్ళి డైరీలో మాత్రం మాస్టారి మీదా మిషన్ మీదా రెండేసి పేజీలు రాసేదాన్ని. ఒకరోజు పక్క మిషన్ అమ్మాయి నా కాగితంలోకి తొంగిచూసి, హాలంతా వినబడేట్టు అరిచింది.

“మాస్టారూ, ఈ అమ్మాయి మిషన్లో ఎస్ లేదండీ! ఈ పిల్లకి నోరు కూడా లేనట్టుందండీ!”

అలా స్నేహమైంది. వాళ్ళది సత్యనారాయణపురం. నాన్న ఏదో ఆఫీసులో గుమాస్తా, అమ్మ రోజుకు రెండు గుళ్ళు తిరిగే మనిషి. మాది కంకిపాడు బస్సు దారిలో కాలువ పక్కన చిన్న ఊరు. మేం కతోలికులం. నాన్న చర్చి బళ్ళో టీచరు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఇంటిని నడిపేది మేనత్త. ఇద్దరికీ పొద్దున టైపు, మధ్యాహ్నం షార్ట్‌హ్యాండు. మధ్యలో మెట్ల మీద కూర్చుని డబ్బాలు విప్పేవాళ్ళం. ఆమె నా డబ్బాలో చింతకాయ పచ్చడి తినేది, నేను ఆమె డబ్బాలో పులిహోర తినేదాన్ని. ఆ మెట్ల కిందే అద్దె పుస్తకాల షాపు. ఒకరు తెచ్చిన పుస్తకం ఇద్దరం చదివి ఇచ్చేసేవాళ్ళం.

ఆ నవల కోసం షాపులో చాలామంది వంతులో ఉన్నారు. అట్ట మీద ఎర్రటి చందమామ, ఒరిగిపోయిన శిలువ, తెల్లటి పొడుగు గౌనులో జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. ముందు ఆమె చదివింది. మర్నాడు కళ్ళు ఉబ్బిపోయి వచ్చింది.

“రాత్రంతా మా అమ్మ కొంగు పట్టుకుని పడుకున్నానే. పెరట్లోకి వెళ్ళాలంటే మా తమ్ముణ్ణి లేపాను. నువ్వు మాత్రం ఒక్కదానివే చదవకు, నా మాట విను.”

నేను ఒక్కదాన్నే చదివాను. రెండు సెలవు రోజులు, మధ్యాహ్నంపూట, వరండాలో, గోడకి ఆనుకుని. ఆ గోడ అవతల సమాధులే. ఆ సంగతి అప్పటికి ఆమెకి తెలియదు. మీ ఇల్లెక్కడే అంటే చర్చి వెనకాల అని చెప్పేదాన్ని. అబద్ధం కాదు. చర్చి వెనక మా ఇల్లు, మా ఇంటి వెనక సమాధులు, సమాధుల వెనక కాలువ.

కథ ఇదీ. పట్నం నుంచి ఒక కుర్ర ఇంజనీరు కృష్ణా జిల్లాలో ఒక పల్లెకు వస్తాడు. పాత బంగళాలో దిగుతాడు. పక్కనే క్రైస్తవుల సమాధులు. అక్కడ ఒక చింతచెట్టు. ఎప్పుడో చచ్చిపోయిన ఒక దొరసాని ఆ చెట్టు మీద ఉంటుంది. దాని కాయ తిన్నవాళ్ళని పట్టుకుంటుంది. బంగళా మేనేజరు చెల్లెలు తెలియక ఒక కాయ కొరుకుతుంది. ఇక అప్పట్నుంచి ఇంగ్లీషులో ఏడుస్తుంది.

మొదటి అధ్యాయంలోనే కొండల మీద నుంచి పొగమంచు దిగింది. కంకిపాడు చుట్టుపక్కల కొండ ఎక్కడుందో నేను బస్సులో రెండువైపులా చూశాను. మా వైపు నేల అరచేతిలా ఉంటుంది. మూడు పొలాల అవతల ఎవరి గేదె ఎవరి చేలో పడిందో ఇంట్లోంచే కనబడుతుంది. దయ్యమనేది వస్తే చాలా దూరం నుంచే కనబడుతుంది, తలుపు వేసుకోవడానికి బోలెడంత వ్యవధి ఉంటుంది.

సరే, కొండ పోనిద్దాం అనుకున్నాను. నాలుగో అధ్యాయంలో ఇంజనీరు దొరసాని సమాధి మీది రాయి పక్కకు జరిపాడు. కింద ఇనప మెట్లు! మెట్లు దిగితే నేలమాళిగ, అందులోంచి బంగళాకి సొరంగం. ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా ఊళ్ళో నేల కాస్త లోతుగా తవ్వితే చాలు, నీళ్ళు ఊరతాయి. వానాకాలంలో ఎవరైనా పోతే ఒకరు గొయ్యి తవ్వుతుంటే ఇంకొకరు బకెట్టుతో నీళ్ళు తోడుతూ ఉండాలి. కొన్నేళ్ళ కిందట మా నాన్నమ్మ పోయింది ఆగస్టులోనే. ఎంత తోడినా నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. పెట్టె దింపితే అడుగుకు చేరక అటూ ఇటూ ఊగింది. అత్తయ్య ఏడుస్తూనే, “మా అమ్మ బతికినన్నాళ్ళూ ఒకచోట కుదురుగా కూర్చుందా? ఇప్పుడూ అంతే,” అంది. మట్టి పోస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నేలలో సొరంగం తవ్వాలంటే దయ్యానికి ముందు ఈత రావాలి.

ఇక గౌను. మా సమాధుల్లో ఉన్న ఆడవాళ్ళందరూ చీరల్లోనే వెళ్ళారు. నాన్నమ్మకు పెళ్ళినాటి తెల్ల నేతచీర కట్టారు. దాన్ని ఆవిడ ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచుకుంది. ఆవిడే లేచి వస్తే కలరా ఉండల వాసనతో వస్తుంది. వచ్చి, ఇంగ్లీషులో ఏడవదు. కాఫీ ఎందుకింత పల్చగా ఉందని తెలుగులో అడుగుతుంది.

అయినా చివరిదాకా చదివాను. ఒక్కచోటైనా భయపెట్టకపోతాడా అని ఆశ. పాదిరిగారు వచ్చి దొరసాని మీద విభూతి చల్లినప్పుడు కూడా సహించాను. ఆఖరి అధ్యాయంలో తెలిసిందేమిటంటే, అసలు దయ్యమే లేదు. బంగళాలో నిధి ఉందని మేనేజరే గౌను తొడుక్కుని తిరుగుతున్నాడు. చెల్లెలికి పట్టింది దయ్యం కాదు, హిస్టీరియా అని డాక్టరు తేల్చాడు. ఆవిణ్ణి ఇంజనీరు పెళ్ళి చేసుకున్నాడు. ఆ రోజు డైరీలో రాసుకున్నాను: దయ్యం కోసం మూడువందల పేజీలు నడిచి వెళితే మేనేజరు ఎదురొచ్చాడు.

మర్నాడు మెట్ల మీద ఆమె ఆత్రంగా అడిగింది. “ఎలా ఉంది? పట్టిందా నిద్ర?”

రాత్రి రాసుకున్నదంతా నోటిదాకా వచ్చింది. “బాగుంది,” అన్నాను.

“బాగుందేంటే! నాకైతే ఆ చింతకాయ కొరికినప్పుడు ఒళ్ళు జలదరించింది. సమాధుల పక్కన చెట్టు కాయ ఎవరైనా తింటారా, బుద్ధుండాలి గానీ.” అంటూనే నా డబ్బాలోంచి వేలితో పచ్చడి తీసి నాకింది. “ఆదివారం మీ ఇంటికొస్తానని చెప్పాగా. దారి చెప్పు. చర్చి దగ్గర దిగాలి, తర్వాత?”

“చర్చి వెనక్కి రావాలి.”

“చర్చి వెనక ఏముంటుంది?”

“మా ఇల్లు.”

“నీ ఇల్లు కాకుండా గుర్తేమన్నా చెప్పవే. ఏమున్నాయి అక్కడ?”

ఇక దాచడానికి లేదు. “సమాధులు,” అన్నాను.

ఆమె వేలు నోట్లోనే ఉండిపోయింది. నా మొహంలోకీ డబ్బాలోకీ మార్చి మార్చి చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, “ఈ చింతకాయలు ఎక్కడివే?” అని అడిగింది.

“చెట్టు గోడ మీదికి ఉంటుంది. సగం మా వైపే.”

“ఇంకో సగం?”

ఆ చెట్టు కొమ్మలు ఎటు ఉన్నాయో చెప్పగలను. వేళ్ళు ఎటు పోయాయో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

“చేరినప్పట్నుంచీ తింటున్నానే నేను!”

“మరి ఏమన్నా అయిందా నీకు?”

“ఏమో, నాకేం తెలుసు? పట్టినవాళ్ళకి పట్టినట్టు తెలుస్తుందా? నవల్లో ఆ పిల్లకి తెలిసిందా?”

“ఆ పిల్లకి పట్టింది హిస్టీరియా కదా.”

“అది డాక్టరు చెప్పాడు. డాక్టర్లకేం తెలుసు!”

ఆదివారం ఆమె రాలేదు. సోమవారం మెట్ల మీద నా పక్కనే కూర్చుంది, కబుర్లు చెప్పింది, పులిహోర పెట్టింది. నేను డబ్బా ముందుకు జరిపితే మాత్రం, “వద్దులే, కడుపులో బాలేదు,” అంది. మంగళవారం కూడా కడుపులో బాలేదు. బుధవారం పళ్ళు పులిశాయంది. ఎస్ లేదని హాలంతా అరిచిన అమ్మాయి నాతో ఇంత మర్యాదగా మాట్లాడుతోంది. తిట్టినా బాగుండేది. తర్వాత్తర్వాత డబ్బా తెచ్చుకోవడమే మానేసి, ఇంటికెళ్ళి తినొస్తానని వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. నేను మెట్ల మీద ఒక్కదాన్నే తినేదాన్ని. పచ్చడి ఇంటికి తిరిగి తీసుకెళ్ళేదాన్ని.

డబ్బా కడుగుతూ అత్తయ్య పట్టేసింది. “ఏమే, మీ బ్రాహ్మల పిల్ల తినట్లేదా? గొడవపడ్డారా?”

జరిగింది చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. అత్తయ్య తాపీగా డబ్బా బోర్లించింది.

“దయ్యముందా ఆ చెట్టు మీద? ఉంటే నాకెంత సుఖం! కాయలకాలం వస్తే ఊళ్ళో వాళ్ళంతా రాళ్ళు పట్టుకుని అక్కడే ఉంటారు. కాపలా కాయలేక చస్తున్నాను. ఉంటే ఒక్కసారి కనబడమను, ఇంత అన్నం పెట్టి ఉంచుకుంటాను.” చేతులు కొంగుకి తుడుచుకుంటూ అంది. “పండక్కి పిలువు. వచ్చి చూసుకుంటుంది కళ్ళారా.”

పండగంటే సమాధుల పండగ. నవంబరు మొదట్లో వస్తుంది. చనిపోయినవాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాం. పిలవడం సులువే, పిలవాల్సింది నేను కాబట్టి కష్టం. ఏం మాట్లాడాలో డైరీలో రాసుకుని, బస్సులో వల్లించుకుంటూ వెళ్ళాను. షార్ట్‌హ్యాండు అయ్యాక మెట్ల దగ్గర ఆమెకు అడ్డంగా నిలబడ్డాను. వల్లించుకున్నదంతా పోయి వేరే ఏదో వచ్చింది.

“ఆ నవల నాకు నచ్చలేదు. బాగుందని అబద్ధం చెప్పాను. అది రాసినాయన జన్మలో సమాధుల దగ్గరికి వెళ్ళలేదు. మా ఊళ్ళో సొరంగం తవ్వితే బావి అవుతుంది. కొండల్లేవు. మా నాన్నమ్మకి గౌను లేదు.”

అంత పెద్ద మాట నా నోట్లోంచి రావడం ఆమె ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు.

“అయితే దయ్యాల్లేవంటావా?” అంది.

“ఉంటే ఉండనీ. గౌనెందుకు వేసుకుంటాయి? ఎవరు కుట్టిస్తారు?”

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది. ఆ ఊపులోనే పండక్కి రమ్మన్నాను. కళ్ళు పెద్దవి చేసి, “చీకటి పడేదాకా ఉండొచ్చా?” అని అడిగింది. ఆమెకి భయపడటమంటే ఎంతిష్టమో నాకప్పుడు అర్థమైంది.

పండగనాడు మధ్యాహ్నం కంకిపాడు బస్సు దిగింది. తల్లో కనకాంబరాలు, చేతిలో సంచీ. ఇంట్లో పండగని మాత్రమే చెప్పిందట, ఏ పండగో చెప్పలేదు. పండగింటికి ఉత్తచేతుల్తో పంపుతారా? వాళ్ళమ్మ కొబ్బరికాయ, అరటిపళ్ళు, అగరుబత్తీలు, పసుపు కుంకుమ పొట్లాలు సర్ది పంపింది.

సమాధుల గేటు దగ్గర ఆమె ఆగిపోయింది. లోపల ఊరంతా ఉంది. గేటు పక్కన ఒకామె వేరుశనక్కాయలు అమ్ముతోంది. పిల్లలు సమాధుల మీద నుంచి సమాధుల మీదికి దూకుతున్నారు. ఎవరి సున్నం చుక్కలు ఎవరి పూల మీద పడ్డాయో ఇద్దరు ఆడవాళ్ళు తేల్చుకుంటున్నారు.

“ఏంటే ఇది, తిరనాళ్ళా?” అంది. చెప్పులు విప్పి గేటు దగ్గర పెట్టింది. ఎవరూ విప్పరని చెప్పేలోపే లోపలికి నడిచేసింది.

నాన్నమ్మ సమాధి దగ్గర నాన్న జపమాల పట్టుకుని కూర్చున్నారు. పొద్దున నేనూ అత్తయ్యా నీలిమందు కలిపి వేసిన సున్నం అప్పుడే ఆరి తెల్లగా మెరుస్తోంది. అత్తయ్య ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఇదిగోనమ్మా, మా అమ్మ. ఈవిడ కోసం ఏమన్నా తెచ్చావా, పెట్టు మరి.”

అత్తయ్య అన్నది పూల గురించి. ఆమె లేచి, సమాధి చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి, సంచీలోంచి కొబ్బరికాయ తీసి శిలువ కింది రాతి అంచు మీద ఠపీమని కొట్టింది.

కాయ రెండు చెక్కలైంది. నీళ్ళు కొత్త సున్నం మీద ధారగా కారాయి. సున్నం తగాదా ఆగిపోయింది. చుట్టుపక్కల సమాధుల దగ్గర అందరూ మావైపే చూస్తున్నారు. నాన్న చేతిలో పూస కదల్లేదు. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. మా ఊళ్ళో చీలినా ఏం లాభం, మోకాళ్ళదాకా నీళ్ళు. ఆమెకి ఏదో పొరపాటైందని తెలిసింది, ఏం పొరపాటో తెలియలేదు. రెండు చెక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. మొహం తెల్లబోయింది. ఇక ఈ పిల్ల జన్మలో మా ఇంటి ఛాయలకు రాదు అనుకున్నాను.

అత్తయ్య ఒక చెక్క అందుకుని గోటితో కొబ్బరి గీకి చూసింది.

“మా అమ్మకి పోయేనాటికి ఒక్క పన్ను లేదమ్మా. ఇంత ముదురు కాయ తెస్తే ఎలా తింటుంది?”

ఆమె, “తెలీదండీ అత్తయ్యగారూ. ఈసారి లేతది తెస్తానండీ,” అంది.

అవతలి సమాధి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నాన్న భుజం మీది తువ్వాలు తీసి రాతి మీది నీళ్ళు అద్దుతూ, “మరకేం పడదులేమ్మా,” అన్నారు. ఆమె ధైర్యం తెచ్చుకుని కుంకుమ పొట్లం తీసింది. శిలువకి బొట్టు పెట్టొచ్చా అని అడిగింది. “వద్దు తల్లీ, ఫాదరుగారు వచ్చి ఇదెవరి సమాధో పోల్చుకోలేరు,” అంది అత్తయ్య. అగరుబత్తీలు మాత్రం మేమూ వెలిగిస్తాం కాబట్టి వాళ్ళమ్మ పంపినవి వెలిగించాం.

పొద్దుగూకింది. కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలిగాయి. ఆమె నా చెయ్యి పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. ఫాదరుగారు తీర్థం చల్లుకుంటూ వస్తుంటే, “ఇప్పుడేనా?” అని చెవిలో అడిగింది. ఆయన చల్లి వెళ్ళిపోయారు. చింతచెట్టు మీద ఏదో కదిలింది. ఆమె నా చెయ్యి నలిపేసింది. కొంగ. గాలికి కొవ్వొత్తి ఆరితే అత్తయ్య వెలిగించింది. పిల్లలు కరిగిన మైనం పోగుచేసి ఉండలు చేస్తున్నారు. నాన్న నాన్నమ్మకి ఆ ఏటి పంట సంగతి, బడి సంగతి మెల్లగా చెబుతున్నారు. ఏటా చెబుతారు.

“ఇంతేనా?” అంది ఆమె.

“ఇంతే.”

“భయమెప్పుడేస్తుందే?”

“మాకెప్పుడూ వేయలేదు.”

ఆమె చాలా నిరాశగా చుట్టూ చూసింది. నవల పూర్తి చేసినప్పుడు నా మొహం కూడా సరిగ్గా అలాగే ఉండి ఉంటుంది. “దీనికంటే ఆ మేనేజరే నయం. పాపం, కనీసం గౌనన్నా వేసుకున్నాడు,” అంది.

తర్వాత ఇంట్లో అత్తయ్య అన్నం పెట్టింది. అందరికీ వడ్డించినట్టే ఆమె విస్తట్లోనూ ఒక మూల చింతకాయ పచ్చడి వేసింది. ఆమె పప్పు కలుపుకుంది, కూర తింది, పెరుగు కూడా తింది. పచ్చడి ఉన్నది ఉన్నట్టే ఉంది. నేను చూడనట్టు ఊరుకున్నాను. కొబ్బరికాయ కొట్టినప్పుడు పట్టని దుఃఖం ఆ విస్తరి చూస్తే పట్టుకుంది. అత్తయ్య మాత్రం ఏమీ అనకుండా ఒక కొబ్బరిచెక్క కాగితంలో చుట్టి ఆమె సంచీలో వేసింది. “కొట్టినవాళ్ళు ఒక చెక్క ఇంటికి తీసుకెళ్ళాలంట కదా మీలో,” అంది. నాన్న బస్సెక్కించి వచ్చారు.

సోమవారం మధ్యాహ్నం ఆమె ఇంటికెళ్ళలేదు. డబ్బా తెచ్చుకుంది. మెట్ల మీద కూర్చుని మూత తీసి నా ముందుకు జరిపింది. అన్నం పక్కన తెల్లటి పచ్చడి, పైన ఎర్రటి తాలింపు.

“తిను.”

“ఏంటిది?”

“కొబ్బరి పచ్చడి. మీ నాన్నమ్మ కాయే. ఇంటికెళ్తే మా అమ్మ ఏ గుడి ప్రసాదమే అంది. వాళ్ళ నాన్నమ్మదన్నాను. ఓహో, పెద్దావిడ చేయించిన పూజా అని కళ్ళకద్దుకుని, పచ్చడి చేసి అందరికీ పెట్టింది. మా నాన్న తిన్నాడు, మా తమ్ముడు తిన్నాడు, మా బామ్మ రెండోసారి అడిగి మరీ తింది. ఇది మిగిలింది.”

“చెప్పలేదా?”

“రాత్రంతా వాళ్ళకేసి చూస్తూ కూర్చున్నా. మా బామ్మ ఇంగ్లీషులో ఏడుస్తుందేమోనని. గురక పెట్టింది అంతే.” డబ్బా ఇంకాస్త జరిపింది. “ఇంక పడితే మా ఇంటిల్లిపాదికీ కలిపే పడుతుంది. నేనొక్కదాన్నీ నోరు కట్టుకుని ఏం లాభం? నీది పెట్టు.”

నా డబ్బా మూత తీశాను. ఆమె వేలితో చింతకాయ పచ్చడి ఇంత తీసుకుని, నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. నేను ఆమె మొహంలోకే చూస్తున్నాను.

“మీ నాన్నమ్మ ఈసారి ఉప్పెక్కువేసిందే,” అంది.

“పచ్చడి చేసింది అత్తయ్య,” అన్నాను.